సొప్పబెండు బండి, ప్లాస్టిక్ ఇటుక

“మా చిన్నప్పుడు ఇవేవీ లేవు. అయినా మా ఆటల్లో ఉన్న మజా వీటిలో ఎక్కడిది?” పండుగకు ఊరికొచ్చిన మనవడు నట్టింట్లో ప్లాస్టిక్ ఇటుకలు కుమ్మరించుకొని కూర్చుంటే, నల్లగొండలోనైనా పాలమూరులోనైనా తాత నోట వచ్చే మాట ఇదే. ఆ పిల్లవాడి తండ్రి కూడా ఇలాంటి మాటే ఇంకో తీరుగా అంటాడు: “మా రోజుల్లో సంచి నిండా ఉత్త ఇటుకలే. ఏది కావాలంటే అది కట్టేవాళ్లం. ఇప్పుడు పుస్తకంలో బొమ్మ చూసి అతికించుడే.” తాతకు సొప్పబెండుతో చేసుకున్న ఎడ్లబండి గొప్ప. తండ్రికి చెర్వుగట్టు జాతరలోనో కురుమూర్తి జాతరలోనో కొనిపించుకున్న రంగు ఇటుకల సంచి గొప్ప. నట్టింట్లో కూర్చున్నవాడికి కూడా ఇంకో ముప్ఫై ఏళ్లకు ఏదో ఒకటి గొప్పగా కనిపించకపోదు.

మరి అప్పటి ఆటవస్తువులే నిజంగా మేలైనవా, మనకు అలా అనిపిస్తుందా? ఇందులో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఒకటి వస్తువుది: ఏ ముక్క ఏ ముక్కను ఎలా పట్టుకుంటుంది, ఎంతసేపు పట్టుకుంటుంది. ఇంకొకటి మనసుది: పాతది ఎందుకు తియ్యగా గుర్తుంటుంది. ముందు వస్తువు సంగతి చూద్దాం. అది తేలితే మనసు సంగతి సగం తేలినట్టే.

బరువు, బంక

ముక్క మీద ముక్క నిలబెట్టడానికి మనిషికి తెలిసిన దారులు ముఖ్యంగా మూడు: బరువు, బంక, పట్టు. పిల్లలకైనా మేస్త్రీలకైనా ఇవే.

ఏడుపెంకులాటలో పెంకుల దొంతిని నిలబెట్టేది బరువు. పై పెంకు కింది పెంకును నొక్కుతుంది. నొక్కుడు పెరిగినకొద్దీ రెండింటి మధ్య రాపిడి పెరుగుతుంది. పక్కకు జారకుండా ఆపేది ఆ రాపిడే. పైన తక్కువ బరువున్న పెంకులే ముందు ఎగిరిపోతాయి, అడుగు పెంకు మాత్రం చాలాసార్లు కదలదు. ఆడినవాళ్లెవరికైనా తెలిసిన విషయమే.

ఇదే సూత్రంతో కట్టిన పెద్ద కట్టడం ఆలంపురంలో ఉంది. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట, కూడవెల్లిలో, చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. 7వ శతాబ్దపుది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో అది మునిగిపోతుందని తేలాక పురావస్తు శాఖ వాళ్లు ఆ గుడిని రాయి రాయిగా విప్పారు. ప్రతి రాతికీ అంకె వేసి, ఆలంపురం తరలించి, అదే వరుసలో మళ్లీ పేర్చారు. ఇవాళ మనం చూస్తున్నది అలా విప్పి కట్టిన గుడే. ఇది వీలైందంటే కారణం, ఆ రాళ్లు ఒకదానికొకటి అంటుకొని లేకపోవడం. బరువు మీద, గాడుల మీద కూర్చొని ఉన్నాయి. పేర్చినవాడి పని తెలిస్తే విప్పేవాడికి దారి దొరుకుతుంది.

నాగార్జునసాగర్ ఆనకట్ట దీనికి పూర్తిగా ఎదురు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఈ ఆనకట్ట కూడా రాతికట్టడమే. ఎత్తు 124 మీటర్లు. కానీ ఇక్కడ రాళ్ల మధ్య సిమెంటు ఉంది. నీళ్లు తగిలిన సిమెంటులో సన్నని స్ఫటికాలు పెరిగి, రాతి గరుకులోకి చొచ్చుకుపోయి గట్టిపడతాయి. అక్కడితో రాళ్లన్నీ కలిసి ఒకటే బండ. దీన్ని పగలగొట్టగలం గానీ విప్పలేం.

పిల్లల సిమెంటు మట్టి. బతుకమ్మకు ముందు, భాద్రపదంలో, ఆడపిల్లలు పీట మీద మెట్లు మెట్లుగా కట్టే బొడ్డెమ్మకు పుట్టమన్నే తెస్తారు, పొలం మన్ను తేరు. చెదలు కింది పొరల నుంచి సన్నని బంకమన్నును ఏరి, లాలాజలంతో కలిపి పైకి తెస్తాయి. అంటే జల్లించి పిసికిన మట్టి అక్కడ సిద్ధంగా ఉంటుంది. బంకమన్ను రేణువులు కంటికి కనిపించనంత చిన్న రేకులు. రేకుకూ రేకుకూ మధ్య పలుచని నీటి పొర ఉన్నంతసేపు అవి ఒకదాని మీద ఒకటి జారుతూనే, విడిపోకుండా ఉంటాయి. అందుకే తడి మట్టిని ఎలా వంచితే అలా వంగుతుంది. నీరు ఆరిపోయాక రేకులు దగ్గరికి జరిగి బిగుసుకుంటాయి. అప్పుడు మట్టి కుదించుకుపోతుంది. మక్తల్ వైపు నల్లరేగడితో ఎడ్లు చేసిన పిల్లలకు ఈ కుదింపు బాగా ఎరుక: పొద్దున చేసిన ఎద్దు సాయంత్రానికి మూపురం దగ్గర పగిలి ఉండేది. రేగడిలోని రేకులు నీటిని తమ పొరల లోపలికి కూడా పీల్చుకొని ఉబ్బుతాయి కాబట్టి, ఆరినప్పుడు మిగతా మట్టి కంటే ఎక్కువ కుంచించుకుపోతాయి. అందులో కాస్త బూడిదో పేడో కలిపితే పగుళ్లు తగ్గుతాయని పిల్లలకు చెప్పేది బడి పంతులు కాదు, కుమ్మరి ఇంటి పిల్లవాడు.

బరువుతో నిలబెట్టిందాన్ని ఎత్తి తిప్పితే కూలిపోతుంది. బంకతో నిలబెట్టిందాన్ని మళ్లీ విడదీయలేం. ఎత్తినా విడిపోకూడదు, కావాలంటే విడిపోవాలి. ఇందుకు మూడో దారి కావాలి.

పట్టు

జొన్న కోత అయ్యాక, చొప్ప కుప్ప వేసే రోజుల్లో, సొప్పబెండు ఆట మొదలయ్యేది. ఎండిన జొన్న దంటును కణుపుల దగ్గర విరిచి, పైనున్న గట్టి పేడును ఒలిచేస్తే లోపల తెల్లని బెండు మిగులుతుంది. ఒలిచిన పేడును పారేయరు. దాన్ని సన్నగా చీల్చితే అవే మేకులు. బెండు దూలం, పేడు మేకు. బండి చట్రం, కాడి, నొగలు, ఎడ్ల కొమ్ములు, అన్నీ ఈ రెండింటితోనే. ఇంకేమైనా కావాలంటే తుమ్మముండ్లు. ఒక్క మొక్కలోనే గుచ్చేదీ పట్టుకునేదీ రెండూ దొరకడం నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. పేడు వేలిని కత్తిలా కోస్తుందన్నది మాత్రం గుర్తు చేసుకునేవాళ్లు చాలా తక్కువ.

బెండు అంత తేలికగా ఎందుకుంటుంది? పచ్చి దంటులో అది నీళ్లు నిండిన కణాల గుంపు. మొక్క పెరుగుతుండగానే ఆ కణాలు వాటంతట అవే చచ్చిపోతాయి. ఎండకు వాడి చావడం కాదిది, మొక్కే వేళ చూసి పెట్టించే చావు. దీన్ని నడిపే జన్యువును జపాన్ శాస్త్రవేత్తల బృందం 2018లో గుర్తించి ప్రకటించింది. కణం చచ్చాక లోపలి నీరు పోయి గాలి చేరుతుంది, చుట్టూ ఉన్న పలుచని గోడలు మాత్రం నిలిచి ఉంటాయి. అంటే బెండు ముక్క లోపల ఉన్నదంతా గాలి నిండిన చిన్నచిన్న గదులే. ఆ జన్యువు పనిచేయని రకాల్లో దంటు రసంతో నిండి ఉంటుంది. నమలడానికి బాగుంటుంది గానీ బండికి పనికిరాదు. ఈ తేడా ఆకు మీదే కనిపిస్తుంది: నడిమి ఈనె తెల్లగా ఉంటే లోపల పొడి బెండు, మసక పచ్చగా ఉంటే రసం.

ఇప్పుడు పేడు మేకును బెండులోకి గుచ్చుదాం. ముందుగా తొలిచిన బెజ్జం ఏదీ లేదు. మేకు దారి చేసుకుంటూ వెళ్తుంటే దాని ఎదుట ఉన్న గదులు నలిగిపోతాయి. పక్కనున్నవి మాత్రం ఒత్తిగిల్లి, తిరిగి తమ చోటుకు రావాలని మేకును అన్ని వైపుల నుంచీ నొక్కుతుంటాయి. ఆ నొక్కుడే రాపిడిని పుట్టిస్తుంది. ఆ రాపిడే పట్టు.

ఈ ఉపాయం ఆ పిల్లలకు నిజం ఎడ్లబండి చక్రంలోనే కనిపించేది. చెక్క చక్రం చుట్టూ ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు, కమ్మరి ఆ పట్టాను చక్రం కంటే కావాలనే కాస్త చిన్నదిగా చేస్తాడు. చల్లగా ఉంటే అది చక్రానికి ఎక్కదు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. ఇనుము వేడికి సాగుతుంది. చక్రం చుట్టుకొలత నాలుగున్నర మీటర్లకు కాస్త పైన అనుకుంటే, వేడి 500 డిగ్రీలు పెరిగేసరికి పట్టా దాదాపు 3 సెంటీమీటర్లు పొడుగవుతుంది. ఆ సందులో నలుగురు కలిసి పట్టకార్లతో దాన్ని చక్రానికి తొడిగి, గబగబా నీళ్లు పోస్తారు. పొగ, ఆవిరి, చెక్క కాలిన వాసన. పట్టా తన పాత కొలతకు రావాలని చూస్తుంది, లోపల చక్రం అడ్డం. ఆకులూ కుండా అన్నీ కిర్రుమని ఒకదానిలోకి ఒకటి బిగుసుకుంటాయి. ఏళ్ల తరబడి ఆ చక్రం గుంతల్లో పడి లేచినా విడిపోకుండా ఉంచేది, పట్టాకు తన అసలు కొలతకు రావాలన్న తపన ఎప్పటికీ తీరకపోవడమే. ఇంజనీర్లు ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్ అనే దీన్ని మనం ‘బిగింపు కూర్పు’ అందాం. లోపలిది కాస్త పెద్దది, బయటిది కాస్త చిన్నది. రెండూ సర్దుకోవాలి, రెండూ పూర్తిగా సర్దుకోకూడదు.

బెండు బండిలో ఉన్నదీ బిగింపు కూర్పే. దాని లోపమూ అక్కడే ఉంది. నలిగిన గది మళ్లీ లేవదు. మేకును ఒకసారి పీకి అదే చోట గుచ్చితే పట్టు సగమైపోతుంది, మూడోసారికి ఊడి చేతికొస్తుంది. అందుకే బెండు బండి చేసే పిల్లవాడు గుచ్చేముందు ఆలోచించేవాడు. తప్పు గుచ్చితే ఆ ముక్క పోయినట్టే. కుప్పలో చొప్పకు కొదవ లేదు కాబట్టి పెద్ద బాధ కాదనుకోండి.

డెన్మార్కు ఇటుక

నలగకుండా ఒత్తిగిల్లి, ఎన్నిసార్లు పీకినా తన కొలతకు తిరిగి వచ్చే పదార్థం దొరికితే? ప్లాస్టిక్ ఇటుక కథంతా ఈ ప్రశ్నకు జవాబే.

డెన్మార్కులో బిల్లుండ్ అనే చిన్న ఊరు. 1932లో ఒలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి అక్కడ చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఆ వ్యాపారమే లెగో. ఒకదానికొకటి పట్టుకునే ప్లాస్టిక్ ఇటుకలను మొదట చేసింది వాళ్లు కాదు, ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్. ఆ నమూనా చూసి బిల్లుండ్ వాళ్లు 1949లో తమ ఇటుకలు తెచ్చారు. పైన బొడిపెలు, కింద ఉత్త డొల్ల. ఒకదాని మీద ఒకటి ఎక్కేవి గానీ పట్టు సరిగా ఉండేది కాదు, ఎత్తితే ఊడేవి. ఒలె కొడుకు గాడ్‌ఫ్రెడ్ హయాంలో, 1958 జనవరి 28న పేటెంటుకు పెట్టిన మార్పు చూడ్డానికి చిన్నదే: డొల్లలో గొట్టాలు పెట్టారు.

ఆ గొట్టమే కీలకం. కింది ఇటుక మీది నాలుగు బొడిపెల మధ్య సందులోకి పై ఇటుక గొట్టం దిగుతుంది. ప్రతి బొడిపెనూ ఒక పక్క గొట్టం, ఇంకో పక్క ఇటుక గోడ నొక్కి పట్టుకుంటాయి. బొడిపె అడ్డుకొలత 4.8 మిల్లీమీటర్లు, బొడిపె నడుమ నుంచి పక్క బొడిపె నడుమకు 8 మిల్లీమీటర్లు. ఈ రెండూ ఖాయమైతే గొట్టం ఎంత లావుండాలో లెక్కే చెబుతుంది: దాదాపు ఆరున్నర మిల్లీమీటర్లు. అంతకంటే వెంట్రుకవాసి తక్కువైతే వదులు. ఎక్కువైతే పిల్లల వేళ్లకు లొంగదు, ఇటుక చిట్లుతుంది. అందుకే అచ్చుల్లో తేడా మిల్లీమీటరులో నూరోవంతు దాటకుండా చూస్తారు.

పదార్థం సంగతి. మొదట్లో వాడిన ప్లాస్టిక్ కొన్నాళ్లకు వంకరపోయేది. 1963 నుంచి ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌కు మారారు. అది మూడు పదార్థాల కలయిక. ఒకటి గట్టితనాన్ని, ఒకటి మెరుపునూ అచ్చులో తేలిగ్గా పారే గుణాన్నీ ఇస్తాయి. మూడోది రబ్బరు జాతి పదార్థం. అది సన్న చుక్కలుగా లోపలంతా చెల్లాచెదురై ఉండి, దెబ్బ తగిలితే పగులును పాకకుండా ఆపుతుంది. ఇటుకను నొక్కినప్పుడు గోడ కాస్త వెలికి వంగుతుంది, పీకగానే తన చోటికి వస్తుంది. బడి పుస్తకాలు స్థితిస్థాపకత అనే ఈ గుణాన్ని మనం ‘తిరుగు గుణం’ అనుకోవచ్చు. బెండుకు ఇది కొంతే ఉంది, ఏబీఎస్‌కు దండిగా ఉంది. 1958 నాటి ఇటుక కొలతలే ఇప్పటికీ నడుస్తున్నాయి, అప్పటి ఇటుక మీద ఇవాళ్టిది ఎక్కుతుంది. కట్టె, ఇనుము, బట్ట, ఏ ఆటవస్తువుకైనా ఇలా మూడు తరాలు ఒకే కొలతలో నిలవడం అరుదు.

జాతర సంచుల్లోని ఇటుకలు ఇలాంటివి కావు. వాటిలో చాలావాటిని మెత్తని పాలిథిన్ రకం ప్లాస్టిక్‌తో పోసేవారు. మెత్తని ప్లాస్టిక్‌ను చాలాసేపు నొక్కి ఉంచితే అది మెల్లగా ఆ వంపుకే అలవాటుపడుతుంది, తిరిగి రాదు. కట్టిన కోటను రాత్రంతా అలాగే ఉంచితే తెల్లారేసరికి వదులయ్యేది అందుకే. ఆనాటి తండ్రులు ఇప్పుడు తలచుకొనే గొప్ప ఇటుకలు, పట్టు విషయంలో చూస్తే, నాసిరకానివే.

ఒక్కమాట ఇక్కడే చెప్పుకోవాలి. ఇటుక అనగానే ఆట గుర్తొచ్చే బాల్యం అందరిదీ కాదు. పాలమూరు లేబర్ అంటే ఆనకట్టలు, కాలువలు కట్టిన చాలాచోట్ల తెలుసు. తల్లిదండ్రుల వెంట పనిచోటికి వెళ్లి డేరాల్లో పెరిగిన పిల్లలకు మట్టి తట్టా కంకర కుప్పా ఎదురుగానే ఉండేవి, ఆడుకోవడానికీ మోయడానికీ కూడా.

కోట్ల కూర్పులు, ఒకే మూల

ఎనిమిది బొడిపెల ఇటుకలు, ఒకే రంగువి, రెండు ఇస్తే వాటిని ఎన్ని రకాలుగా కలపవచ్చు? 24. మూడు ఇస్తే 1,060. ఆరు ఇస్తే? చాలాకాలం వరకు లెగో కంపెనీ వాళ్లు చెప్పిన లెక్క పది కోట్ల పైచిలుకు. అది ఒకదాని మీద ఒకటిగా ఆరంతస్తులు పేర్చే కూర్పులను మాత్రమే లెక్కించిన అంకె. డెన్మార్కు గణిత శాస్త్రజ్ఞుడు సోరెన్ ఐలర్స్, సహచరులు కంప్యూటరుతో అన్నీ లెక్కించి చూస్తే 91,51,03,765 వచ్చింది. ఆరు ఇటుకలకు తొంభై ఒక్క కోట్ల పైన!

అంకె చూసి గుండె ఆగినంత పనవుతుంది గానీ, ఈ కూర్పుల్లో ఇటుకలన్నీ ఒకదానికొకటి సమాంతరంగానో అడ్డంగానో మాత్రమే ఉంటాయి. ఉన్నదంతా తొంభై డిగ్రీల లోకం. బెండులోకి మేకును ఎటు నుంచైనా గుచ్చవచ్చు, ఎంత వాలుగానైనా గుచ్చవచ్చు. దాని కూర్పులు లెక్కకు రావు. ఎడ్ల కొమ్ముల వంపు ఇటుకల్లో రాదు, బెండులో వస్తుంది.

ఇంత స్వేచ్ఛకు ఖరీదు కూడా ఉంది. నాలుగు బెండు కడ్డీలతో చతురం చేసి ఒక మూల నొక్కితే అది వంకరపోతుంది, మేకు చుట్టూ తిరిగిపోతుంది. మూలకు మూల ఒక కడ్డీ అడ్డం పెడితే గట్టిపడుతుంది. అంటే త్రికోణం కావాలి. ఇటుకలతో ఆడే పిల్లవాడికి ఈ సంగతి తెలియాల్సిన పనే పడదు. రెండు బొడిపెలు కలిసి పట్టుకుంటే చాలు, మూల కదలదు. బెండు పిల్లవాడు మాత్రం బండి అడుగున వాలు కడ్డీ ఎందుకో ఎవరూ చెప్పకుండానే కనుక్కునేవాడు, లేదా అన్న చేస్తుంటే చూసి పట్టేసేవాడు.

అమెరికాలో 1899లో ఒక శిశుపాఠశాలలో నాలుగేళ్ల బాబుకు నానబెట్టిన బఠానీలూ పుల్లలూ ఇచ్చి ఇల్లు కట్టమన్నారు. ఫ్రోబెల్ అనే జర్మన్ విద్యావేత్త పెట్టిన ఆట అది. మిగతా పిల్లలందరూ చతురపు ఇళ్లు కట్టారు. చూపు సరిగా లేని ఈ పిల్లవాడు చేత్తో తడుముతూ, ఏది కదలడం లేదో చూసుకుంటూ, త్రికోణాలతో కట్టాడు. ఆ బాబే బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్. పెద్దయ్యాక త్రికోణాల చట్రాలతో పెద్దపెద్ద గుమ్మటాలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. బఠానీ, బెండు పని ఒకటే: పుల్లను పట్టుకోవడం. మన దేశంలో అరవింద్ గుప్తా 1978 ప్రాంతంలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో పిల్లలతో పనిచేస్తూ, అగ్గిపుల్లలను సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపే పద్ధతి కనిపెట్టాడు. అందులోనూ పట్టుకునేది రబ్బరు తిరుగు గుణమే. బెండు మూడోసారికి ఓడిపోతే, వాల్వ్ ట్యూబు వందోసారికీ నిలిచి ఉంటుంది. ఖర్చు దాదాపు లేదు, మూల ఎటైనా తిరుగుతుంది. నన్నడిగితే పాతకొత్తల తగాదాకు అందరికంటే మంచి జవాబు చెప్పింది ఆ ట్యూబు ముక్కే.

జ్ఞాపకం చేసే వడపోత

ఇక మనసు సంగతి. నలభై దాటినవాళ్లను జీవితంలోని సంఘటనలు గుర్తు చేసుకోమని అడిగి, అవి ఏ వయసువో గీత గీస్తే, పదేళ్లకూ ముప్ఫై ఏళ్లకూ మధ్య ఒక గుట్ట లేస్తుంది. రెమినిసెన్స్ బంప్ అనే దీన్ని ‘జ్ఞాపకాల గుట్ట’ అనవచ్చు. మొదటిసారి జరిగినవన్నీ చాలావరకు ఆ ఏళ్లలోనే ఉంటాయి. మెదడు మొదటిసారికి ఇచ్చే చోటు నూరోసారికి ఇవ్వదు.

పైగా ఆ జ్ఞాపకాలన్నీ ఒకేలా ఉండవు. కాలం గడిచేకొద్దీ చేదు అనుభవంలోని చేదు త్వరగా తగ్గుతుంది, తీపి అనుభవంలోని తీపి అంత త్వరగా తగ్గదు. ఫేడింగ్ అఫెక్ట్ బయాస్ పేరుతో మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలా దేశాల్లో దీన్ని గమనించారు. పేడు వేలు కోసిన నొప్పి పోయి బండి మిగలడం ఇందువల్లే. పోయిన నొప్పుల్లో అంతకంటే పెద్దవి కూడా ఉన్నాయి. బెండు బండ్లు చేసిన పిల్లల్లో చాలామంది ఆ వేళ బడిలో లేరు, పశువుల వెంట ఉన్నారు. కొందరు దొర దగ్గర జీతానికి ఉన్నారు. ఎద్దులు మేస్తుంటే చేతికి దొరికిన దంటుతో చేసిన ఆట అది. తీరిక ఎక్కువ ఉండేది అంటారు. ఆ తీరిక ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి.

ఇంకో సంగతి ఉంది, మన లెక్కకు ఇదే ముఖ్యం. 2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోషన్, డాన్ ఏరియలీ కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. కాగితం బొమ్మలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలు జనంతో చేయించి, తాము చేసినదానికి ఎంత ధర పెడతారని అడిగారు. ఎవరు చేసింది వాళ్లకు ముద్దు. ఇతరులు చేసిన అలాంటి వస్తువు కంటే తమదానికే ఎక్కువ ధర పెట్టారు. అయితే చేసిన వస్తువును వెంటనే విప్పేయిస్తే ఆ ముద్దు పోయింది. పని మధ్యలో ఆగినా పోయింది.

దీన్ని మన రెండు బొమ్మల పక్కన పెట్టి చూడండి. బెండు బండిని విప్పడం కుదరదు. విరిగేదాకా అది బండే. దాని మీది మమకారం దానితోనే ఉంటుంది, అది పోయాక జ్ఞాపకంలో ఉంటుంది. ఇటుకల కోటను సాయంత్రం విప్పి డబ్బాలో వేయాలి. విప్పగలగడమే దాని గొప్పతనం అని ఇందాక అన్నాం కదా, మమకారం దగ్గర అదే అడ్డొస్తుంది. ఇటుకలతో పెరిగినవాళ్లు ‘నేను కట్టిన కోట’ అనకుండా ‘మా ఇటుకల డబ్బా’ అని తలచుకోవడానికి ఇది కారణం కావచ్చు. ఇది ఆ ప్రయోగం తేల్చిన మాట కాదు, దాన్ని బట్టి నేను చేస్తున్న ఊహ.

పుస్తకం చూసి కట్టడం

తండ్రి ఫిర్యాదు మిగిలిపోయింది. ఇప్పటి పెట్టెల్లో అడుగడుగుకూ బొమ్మ గీసి ఇస్తున్నారు, పిల్లలు సొంతంగా ఏమీ కట్టడం లేదు అని. ఇందులో నిజం లేకపోలేదు. 2016లో పేజ్ మొరో, మరిట్ ఎంగెసెట్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి ఇటుకలతోపాటు సూచనల పుస్తకం ఇచ్చారు, కొందరికి ఉత్త ఇటుకలే ఇచ్చారు. ఆ తర్వాత రెండు గుంపులకూ ఇటుకలతో సంబంధం లేని, ఊహ కావలసిన పని పెట్టారు. పుస్తకం చూసి కట్టినవాళ్లు ఆ పనిలో వెనకబడ్డారు. సరైన జవాబు ఒకటే ఉందన్న ధోరణి తర్వాతి పనిలోకి కూడా పాకిందన్నమాట.

అంతమాత్రాన పాతరోజుల్లో ప్రతివాడూ సొంతంగా ఊహించి చేశాడనుకోవద్దు. బెండు బండ్లు ఊరూరా ఒకేలా ఉండేవి. అదే చట్రం, అవే రెండు ఎడ్లు. పుస్తకం లేదు గానీ అన్న ఉన్నాడు, అన్న చేసిన బండి ఉంది. ఆడపిల్లలు బొడ్డెమ్మ మెట్లకు వేరే లెక్క ఎంచుకోలేదు. బెండు పిల్లవాడు ఎక్కువగా నేర్చుకున్నది కొత్త ఆకారాలు ఊహించడం కాదు, పదార్థాన్ని చదవడం: ఏ దంటు పొడిగా ఉంది, ఏ పేడు విరుగుతుంది, ఎంత లోతు గుచ్చితే బెండు చీలుతుంది. ప్లాస్టిక్ ఇటుకల పిల్లవాడి తరఫున ఈ చదువంతా కర్మాగారంలో అచ్చు చేసినవాడే పూర్తి చేశాడు. పిల్లవాడికి మిగిలింది ఆకారం. ఆకారంలో మాత్రం అతను తాత కంటే చాలా దూరం పోగలడు, పుస్తకం పక్కన పెడితే. చిన్నపిల్లల్లో ఇటుకల కూర్పు నైపుణ్యానికీ లెక్కల నైపుణ్యానికీ పొంతన ఉందని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపించాయి. బెండు బండ్ల మీద అలాంటి అధ్యయనం చేయాలంటే ముందు బెండు దొరకాలి.

బెండు ఎక్కడికి పోయింది

దేశంలో మొదటి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 1964లో విడుదలైంది. పొట్టి రకం. మొక్క పొట్టిదైందంటే కణుపులు తగ్గలేదు, కణుపుకూ కణుపుకూ మధ్య దూరం తగ్గింది. బండి చట్రానికి కావలసిన జానెడు బెండు కడ్డీ దేశవాళీ పచ్చజొన్నలో ఒక్క కణుపు మధ్యలో దొరికేది, పొట్టి రకాల్లో దొరకదు. తర్వాత చెల్కల్లోకి ఆముదం, పత్తి వచ్చాయి. పత్తి కట్టె పొయ్యిలోకి పనికొస్తుంది, దానిలో గుచ్చడానికి బెండు లేదు. ట్రాక్టరు వచ్చాక ఎడ్లూ పోయాయి, కాబట్టి చూసి చేయడానికి బండి కూడా లేదు.

ఇవాళ కావాలనుకునేవాళ్లు యాసంగి జొన్న వేసే రేగడి చేల దగ్గర చూడాలి. పశువుల మేత కోసం పొడుగు రకాలు వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. కోతకు ముందే చేలోకి వెళ్లి ఆకు నడిమి ఈనె తెల్లగా ఉన్న మొక్కను ఎంచుకొని, రైతును అడిగి గుర్తు పెట్టుకోవాలి. కంకి కోశాక దంటును నిలువునా నీడలో ఆరబెట్టాలి, తడిస్తే బెండు నల్లబడి మెత్తబడుతుంది. పేడు ఒలిచేటప్పుడు వేలు తెగకుండా చూసుకోవాలి.